తోరణం లేని దర్వాజ

పండుగ పూట వాకిట్లో ముగ్గు లేకపోతే ఆ ఇంట్లో ఎవరో పోయారని అర్థం. మన వైపు ఎవరూ నేర్పకుండానే అందరికీ తెలిసిన సంగతి ఇది. చావు జరిగిన ఇంట్లో ఏడాది తిరిగేదాకా చాలామంది పండుగ చెయ్యరు. దర్వాజకు మామిడాకులు కట్టరు. గడపకు పసుపు పుయ్యరు. దారిన పోయే మనిషి ఆ బోసి గడపను చూసి, లోపలికి తొంగి చూడకుండానే 'పాపం' అనుకుని పోతాడు.

ఈ లెక్కన వరంగల్‌లో మా ముస్లింల ఇళ్లు ఏడాది పొడవునా చావు జరిగిన ఇళ్లే. సంక్రాంతికి రంగుల ముగ్గు లేదు. ఉగాదికి తోరణం లేదు. బతుకమ్మ తొమ్మిది రోజులూ మా వాకిట్లో తంగేడు పువ్వు రాలదు. దీపావళికి ప్రమిద వెలగదు. వీధి వీధంతా మాట్లాడుతున్నప్పుడు మా గుమ్మం నోరు మూసుకుని ఉంటుంది. ఆ మౌనానికి అర్థం చెప్పే హక్కు మాత్రం మా చేతుల్లో లేదు. ఒకప్పుడు దాన్ని 'తురకోళ్ల ఇల్లు, వాళ్ల పండుగలు వేరే' అని చదివేవాళ్లు. ఇప్పుడు 'వీళ్లకు ఈ దేశం పట్టదు' అని చదివేవాళ్లు పెరిగారు. గుమ్మం అదే. చదివే కళ్లు మారాయి.

ఇంటి అలంకరణ గురించి వ్యాసమేమిటని కొందరికి అనిపించవచ్చు. ఆకలి, నిరుద్యోగం, దాడులు ఇన్ని ఉండగా మామిడాకుల గొడవేమిటని అడగవచ్చు. కాని ఇంటి గుమ్మం అనేది మన బతుకుకూ లోకానికీ మధ్య ఉన్న హద్దు. దాని మీద ఏం ఉండాలో, ఏం ఉండకూడదో ఎవరు నిర్ణయిస్తున్నారో చూస్తే ఈ వీధిలో ఎవరు యజమానులో, ఎవరు అద్దెకున్నవాళ్లో తెలిసిపోతుంది. ఇంటికి చేసే సింగారం ఎవరి కోసం? మన సంతోషం కోసమా, చూసేవాళ్ల సంతోషం కోసమా, లేక చూసేవాళ్లకు జవాబు చెప్పుకోవడం కోసమా? నా ప్రశ్న ఇదే.

ముందు ఒక తేడా చెప్పుకోవాలి. హిందువుల పండుగ అలంకరణ చాలావరకు కాలాన్ని బట్టి పుట్టింది. వానలు వెనకపట్టి తంగేడు, గునుగు పూసినప్పుడు బతుకమ్మ వస్తుంది. బంతి విరగబూసి, ధాన్యం ఇంటికి చేరినప్పుడు సంక్రాంతి వస్తుంది. మామిడి చిగురు, వేపపూత ఉన్నప్పుడు ఉగాది వస్తుంది. పండుగకు కావలసిన సామానంతా చేను గట్టు మీదే దొరుకుతుంది. మా పండుగలకు అట్లాంటి కాలం లేదు. చంద్రుడి లెక్కన నడిచే హిజ్రీ సంవత్సరం సూర్యుడి సంవత్సరం కంటే దాదాపు 11 రోజులు తక్కువ. అందుకని మా ఈద్ ఏటేటా అంత ముందుకు జరుగుతూ, సుమారు 33 ఏళ్లలో అన్ని కాలాలనూ చుట్టి వస్తుంది. 2000లో అది జనవరిలో, సంక్రాంతికి వారం ముందు వచ్చింది. 2004, 2005, 2006 సంవత్సరాల్లో దీపావళికి కొద్ది రోజుల తేడాతో వచ్చింది. 2019 జూన్‌లో మామిడిపండ్ల రోజుల్లో వచ్చింది. 2030లోనైతే రంజాన్ నెలే రెండుసార్లు వస్తుంది. ఇట్లా తిరిగే పండుగకు ఒక పువ్వునో, ఒక ఆకునో ముడిపెట్టలేం. అందుకే మా సింగారంలో పువ్వు కంటే సున్నం, గుడ్డ, అత్తరు, ఊదు, వెలుతురు ఎక్కువ. అవి ఏ కాలంలోనైనా దొరుకుతాయి.

అయితే మా పండుగ చంద్రుణ్ని బట్టి వచ్చినా, మేం బతికేది వరంగల్ నేల మీద. తంగేడు పూస్తే మా కళ్ల ముందు కూడా పూస్తుంది. వాన పడకపోతే మా బతుకులు కూడా ఎండుతాయి. కాలం మాకూ ఉంది. దాన్ని పండుగ చేసుకునే దారి మాకు లేకుండా పోయింది. తంగేడు పువ్వుకు మతం ఉందా? మామిడాకుకు సున్తీ అయిందా, కాలేదా? కాలం ఎక్కడ అయిపోయి మతం ఎక్కడ మొదలవుతుందో గీత గీసిందెవరు? పల్లెల్లో దూదేకుల ఇళ్లకు మామిడాకులు కట్టుకోవడం ఉంది. వాళ్లకది మతం మారడం కాదు. పండుగ కాలం వచ్చిందని ఇంటికి చెప్పడం. పట్నం వచ్చి, పెద్ద మసీదు పక్కన ఇల్లు తీసుకుని, నాలుగు మాటలు విన్న తర్వాత వాళ్ల పిల్లలు ఆ ఆకులను చూసి సిగ్గుపడడం నేర్చుకుంటారు. 'మీరు పూర్తి ముస్లింలు కారు' అని మా వాళ్లే వెక్కిరిస్తారు. 'మీరు పూర్తి తెలుగువాళ్లు కారు' అని అవతలి వాళ్లు ఎట్లాగూ వెక్కిరిస్తారు.

మా ఇళ్లు సింగారం ఎరగనివని ఎవరూ అనుకోవద్దు. మా సింగారం లోపల ఉంటుంది. రంజాన్ వస్తుందంటే గోడలకు సున్నాలు మొదలవుతాయి. చాంద్‌రాత్‌కు దర్వాజ పరదాలు మారతాయి. గోడ మీద కాబా బొమ్మ దుమ్ము దులుపుకుంటుంది. అల్లా పేరు, రసూల్ పేరు రాసిన తుగ్రాలు తళతళలాడతాయి. కింద శత్రంజీ పరిచి, దాని మీద తెల్లదుప్పటి, దాని మీద దస్తర్‌ఖాన్ వేస్తారు. ఊదు పొగ గది గదికీ తిరుగుతుంది. లేనివాళ్ల ఇళ్లలో గోనెపట్టా పరదాను ఉతికి మళ్లీ కట్టుకోవడమే పండుగ. వాకిలి మీద హక్కు లేని మా ఆడవాళ్లు ముగ్గును అరచేతుల్లో వేసుకుంటారు. హిందూ ఆడమనిషికి సంక్రాంతి నాడైనా వీధి మీద నాలుగు గజాల చోటు దొరుకుతుంది. మా ఆడమనిషికి ఆ నాలుగు గజాలూ లేవు. పరదా ఇవతలే ఆమె కళంతా అయిపోతుంది. దీన్ని మతం పేరు చెప్పి సమర్థించుకునే మగవాళ్లతో నాకు పేచీ ఉంది.

ఈ లోపలి సింగారమైనా మా ఒక్కరిదేనా? శత్రంజీనే తీసుకోండి. వరంగల్ తివాచీలు 1851 నాటి లండన్ మహా ప్రదర్శనకు వెళ్లి పేరు తెచ్చుకున్నాయి. ఇవాళ కొత్తవాడలో నేసే వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ మగ్గాల మీద కూర్చునేవాళ్లు ఎక్కువగా పద్మశాలీలు. ఈద్ నాడు మా చుట్టాలు కూర్చునే శత్రంజీ పద్మశాలి చెయ్యి. దసరాకు అల్లుణ్ని పడుకోబెట్టే పరుపులో దూది దూదేకుల చెయ్యి. పందిళ్లకు సీరియల్ లైట్లు కట్టే పిల్లల్లో, టెంట్‌హౌస్ కుర్చీలు మోసే పిల్లల్లో, ఇళ్లకు సున్నాలు వేసే పనోళ్లలో మా మండీబజార్, చార్‌బౌళి పిల్లలు ఉంటారు. ఎవరి పండుగనైనా వెలిగించేది పేదవాళ్ల చేతులే. ఆఖరికి తెలంగాణ హిందువు మామిడి తోరణం కట్టేది దేనికి? దర్వాజకు. ఆ మాట ఫార్సీ నుంచి ఉర్దూ మీదుగా ఆయన నోట్లోకి వచ్చి తెలుగైపోయింది. తోరణం ఆయనది, దర్వాజ మాది అని ఎవరైనా విడదీసి పంచగలరా?

వరంగల్‌లో తోరణం గురించి మాట్లాడితే రాతి తోరణాల దగ్గరికి పోకుండా కుదరదు. కోటలో స్వయంభూ శివాలయం చుట్టూ కాకతీయులు నిలబెట్టిన నాలుగు కీర్తితోరణాలు ఇవాళ్టికీ నిలబడి ఉన్నాయి. అవి దారి చూపించిన గుడి నిలవలేదు. 1323లో ఉలుగ్‌ఖాన్ నడిపిన ఢిల్లీ సైన్యానికి ఓరుగల్లు పడిపోయింది. ఊరి పేరు సుల్తాన్‌పూర్ అయింది. గుడి పోవడం నిజం. దాన్ని దాచిపెట్టి లౌకికవాదం మాట్లాడనక్కర లేదు. కాని ఏడు వందల ఏళ్ల కిందటి ఢిల్లీ సుల్తాను లెక్కను మండీబజార్‌లో పంక్చర్లు వేసుకునే మనిషి చేత కట్టించాలని చూడడం ఏం న్యాయం? ఆ సుల్తాను వెంట నడిచినవాళ్లెవరో మా తాతలకు తెలియదు. మా తాతల్లో చాలామంది ఇక్కడి కులాల నుంచి, అంటరాని వాడల నుంచి కల్మా చదివినవాళ్లు. 2014లో తెలంగాణ వచ్చినప్పుడు రాష్ట్ర చిహ్నంలో కాకతీయ తోరణాన్నీ, చార్మినార్‌నూ కలిపి పెట్టారు. సర్కారు కాగితం మీద రెండూ ఒకే వలయంలో ఇమిడాయి. వీధిలో ఇమడడమే కష్టంగా ఉంది.

ఎంత కష్టమో అద్దెకు ఇల్లు వెతికిన ముస్లిం ఎవరినడిగినా చెప్తాడు. హన్మకొండలో మాకు ఇల్లు ఇవ్వడానికి ఒప్పుకున్న ఒకాయన చివరికి ఒక షరతు పెట్టాడు. "మీరు మంచోళ్లే భాయ్. గని దర్వాజ మీద ఆ ఏడు వందల ఎనభై ఆరు గిట్ట రాయకుండ్రి. లోపట మీ ఇష్టం" అన్నాడు. ఆయన చెడ్డమనిషి కాదు. ఈద్ నాడు మా షీర్‌ఖుర్మా తాగి, పిల్లలకు పది రూపాయలు ఈదీ కూడా ఇచ్చేవాడు. కాని 'లోపట మీ ఇష్టం' అన్న ఆ మాటలోనే ఈ దేశంలో మైనారిటీకి ఇచ్చే చోటు కొలత ఉంది. గుండెలో ఏమైనా పెట్టుకో, గుమ్మం మీదికి రానివ్వకు. ఆ తర్వాత మేం మా వాళ్లు ఎక్కువగా ఉండే వాడకు మారాం. దీపావళికి మా అమ్మాయి బళ్లో రంగులు వేసిన మట్టి ప్రమిద తెచ్చి గడప మీద పెట్టుకుంది. మగ్రిబ్ నమాజుకు పోతున్న పెద్దమనిషి ఆగి, "క్యా బేటా, ఏ కాఫిరోఁ కా కామ్ హై" అన్నాడు. పిల్ల ప్రమిద తీసి లోపల పెట్టుకుంది. అక్కడ గుర్తు రాయొద్దన్నారు. ఇక్కడ దీపం పెట్టొద్దన్నారు. రెండుచోట్లా కాపలా మా గడప మీదే.

మతం పేరు చెప్పి సింగారమంతా హరామనే మాటకు మతంలోనే జవాబుంది. అలంకారాన్ని నిషేధించింది ఎవరని ఖురాన్ అల్ ఆరాఫ్ సూరాలో నిలదీస్తుంది. హజ్రత్ ఆయిషా బొమ్మల పరదా కడితే ప్రవక్త ఇష్టపడలేదని హదీసుల్లో ఉంది. ఆమె ఆ గుడ్డను పారెయ్యలేదు. కోసి దిండ్లు చేసింది. గుడ్డ అదే. అందరి కంటికీ ఎదురుగా వేలాడే చోటు నుంచి ఆనుకుని కూర్చునే చోటికి మారింది. అంటే ఒక వస్తువు తప్పా ఒప్పా అన్నది అది ఎక్కడ, దేనికి ఉందన్న దాన్ని బట్టి కూడా ఉంటుందని నాకు అర్థమవుతుంది. మిలాద్‌కు జెండాలు, లైట్లు కట్టాలా వద్దా అని మాలో మాకే ఒప్పందం లేదు. బరేల్వీలు కడతారు, దేవ్‌బందీలు వద్దంటారు. ఇంత తేడా ఉన్నచోట ఒక చిన్నపిల్ల ప్రమిద మీద తీర్పు చెప్పే అధికారం ఎవరికిచ్చాం?

అవతలివైపు కాపలా ఇంకా బలమైనది. దాని వెనక సంఖ్య ఉంది, సర్కారు ఉంది. 1990 రథయాత్ర రోజుల నుంచి ఇంటి మీద జెండా, తలుపు మీద స్టిక్కర్ రాజకీయమైపోయాయి. 2020 ఏప్రిల్ 5న రాత్రి 9 గంటలకు 9 నిమిషాలు దీపాలు పెట్టమన్నారు. అది కరోనా మీద పోరాటమన్నారు. 2022 ఆగస్టులో ఇంటింటికీ మూడు రంగుల జెండా అన్నారు. 2024 జనవరి 22న అయోధ్య ప్రాణప్రతిష్ఠ నాడు ఇంటింటా దీపాలు వెలిగించమని ప్రధానమంత్రే పిలుపిచ్చారు. ఈ మూడూ ఒకటి కావు. ఒకటి రోగం, ఒకటి దేశం, ఒకటి గుడి. కాని వీధిలో మాత్రం మూడింటికీ ఒకటే లెక్క పడింది. ఎవరింట్లో వెలిగింది, ఎవరింట్లో వెలగలేదు? జెండా మాది కూడా. దాన్ని మా ఇంటి మీద మేం కట్టుకుంటాం, కడుతూనే ఉన్నాం. కాని మా నిజాయితీకి రుజువుగా కట్టమంటే అది మమ్మల్ని అనుమానించడమే కాదు, జెండాను గుర్తింపుకార్డు స్థాయికి దించడం. అయోధ్య దీపమైతే మేం వెలిగించలేం. 1992 డిసెంబర్ 6న కూలింది మా మసీదు. చావు జరిగిన ఇంటికి ముగ్గు లేకపోతే 'పాపం' అనుకునే సంస్కారం ఈ నేలది. ఆ సంస్కారం మా దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ఆగిపోతుంది?

ఇక్కడ నాకు తోచిన కొలమానం ఒకటి చెప్తాను. మాలో సదఖా అనేది ఉంది. మనసుకు తోచినప్పుడు, తోచినంత ఇచ్చేది. అదే డబ్బును ఇంటింటికీ తిరిగి, ఇవ్వనివాళ్ల పేర్లు రాసుకుని వసూలు చేస్తే దాని పేరు పన్ను. అలంకరణ కూడా అంతే. గుమ్మానికి కట్టిన పూలదండ వీధికి ఇచ్చే కానుక. కట్టకపోయినా ఏమీ కాదన్న భరోసా ఉన్నప్పుడే అది కానుక. కట్టకపోతే వేలెత్తి చూపుతారన్న భయంతో కట్టింది పన్ను. కాబట్టి సింగారించుకునే స్వేచ్ఛ విలువ, సింగారించుకోకుండా ఉండగలిగే స్వేచ్ఛ మీద ఆధారపడి ఉంది. బోసి గుమ్మానికి బతికే హక్కు లేని వీధిలో తోరణాలన్నీ కప్పాలే.

ఈ కొలమానం మా మీద కూడా పనిచెయ్యాలి. మిలాద్‌కు కరెంటు స్తంభం స్తంభానికీ పచ్చజెండా కడుతున్నప్పుడు మనం మన ఇంటిని సింగారిస్తున్నామా, ఊరికి హద్దు గీస్తున్నామా అని అడుగుకోవాలి. గణేశ్ మండపం కాషాయ జెండాలకు పోటీగా కట్టిన పచ్చజెండా ప్రవక్త మీది ప్రేమ చెప్పదు. 2023 సెప్టెంబర్ 28న మిలాద్, గణేశ్ నిమజ్జనం ఒకే రోజు వచ్చాయి. హైదరాబాద్‌లో మిలాద్ ఊరేగింపును పెద్దలు అక్టోబర్ 1కి వాయిదా వేసుకున్నారు. దాన్ని లొంగుబాటు అన్నవాళ్లున్నారు. నేను అనను. ఎవరి ఆజ్ఞా లేకుండా పక్కవాడికి దారి ఇవ్వడం కూడా ఒక అలంకారమే. కాని దారి ఇవ్వడం ఎప్పుడూ ఒక వైపు నుంచే జరిగితే దాన్ని సామరస్యం అనకూడదు.

లౌకిక మిత్రులు ఇక్కడ ఒక ప్రశ్న వేస్తారు. "ఇదంతా ఎందుకు? మీరూ నాలుగు మామిడాకులు కట్టండి, మేమూ మీ ఈద్‌కు లైట్లు పెడతాం, అయిపోతుంది కదా?" అని. వాళ్ల మనసు మంచిది. కృష్ణుడి వేషం వేసిన పిల్లవాణ్ని ఎత్తుకుని పోతున్న బురఖా తల్లి ఫోటో పత్రికలో పడితే వాళ్లు ముచ్చటపడతారు. నేనూ ముచ్చటపడతాను. ఆ తల్లి ఆ పని సరదాతో చేసింది. కాని మరునాటి నుంచి ఆ ఫోటో మిగతా తల్లుల ముందు కొలబద్ద అయి నిలబడుతుంది. ఆ కొలబద్దకు సరిపోనివాళ్లు 'మతఛాందసులు' అవుతారు. మేం మీలాగే ఉన్నప్పుడు మమ్మల్ని ప్రేమించడం తేలిక. మేం మాలాగే ఉన్నప్పుడు పక్కన నిలబడడంలోనే లౌకికత్వానికి పరీక్ష ఉంది.

ఆ పరీక్షలో నెగ్గిన ఊరొకటి దూరదేశంలో ఉంది. యూదులకు శీతాకాలంలో హనుక్కా అనే ఎనిమిది రాత్రుల దీపాల పండుగ ఉంటుంది. దీపాన్ని వీధికి కనబడేటట్టు గుమ్మం దగ్గరో, కిటికీలోనో పెట్టాలి. ప్రాణభయం ఉన్న రోజుల్లో లోపల బల్ల మీద పెట్టుకున్నా చాలునని వాళ్ల తాల్మూద్ సడలింపు ఇచ్చింది. 'లోపట మీ ఇష్టం' అన్న మాట ఎంత పాతదో చూడండి. 1993 డిసెంబర్‌లో అమెరికాలోని మోంటానా రాష్ట్రం బిల్లింగ్స్ అనే ఊళ్లో, కిటికీలో ఆ గుర్తు పెట్టుకున్న ఒక యూదు ఇంటి మీద సిమెంటు దిమ్మె విసిరారు. అది పిల్లవాడి గది. ఆ ఊళ్లో యూదులు చాలా కొద్దిమంది. అప్పుడు అక్కడి పత్రిక బిల్లింగ్స్ గెజెట్ ఆ దీపస్తంభం బొమ్మను పేజీ నిండా అచ్చు వేసింది. వేలాది ఇళ్ల క్రైస్తవులు దాన్ని తమ కిటికీలకు అతికించుకున్నారు. వాళ్లు యూదులను క్రిస్మస్ చెట్టు పెట్టుకోమని అడగలేదు. పక్కవాడి గుర్తును తమ కిటికీకి తెచ్చుకుని, రాయి పడితే మా మీద కూడా పడనీ అన్నారు.

అంత దూరం పోనక్కర లేదు. మన దగ్గర పీర్ల పండుగ ఉంది. ముస్లిం ఇల్లు ఒక్కటీ లేని పల్లెల్లో కూడా మొహర్రం వస్తే పీర్లు లేస్తాయి. పీర్లకొట్టానికి సున్నం వేస్తారు. పెట్టెలోంచి పీర్లను తీసి, కడిగి, పట్టుగుడ్డలు చుట్టి, పూలు కట్టి, దట్టీలు సమర్పిస్తారు. గుండం చుట్టూ ఆడతారు. ఎత్తుకునేవాళ్లలో మాదిగలు, గొల్లలు, గౌండ్లవాళ్లు ఉంటారు. అదే పది రోజులు షియా ఇళ్లలో కర్బలా దుఃఖం. అక్కడ సింగారం ఉండదు, గాజులు కూడా తీసేస్తారు. ఒకే పండుగ ఒక వాకిట్లో పూలు, ఒక వాకిట్లో బోసి. ఏళ్ల తరబడి ఈ రెండూ ఒకదాన్నొకటి అనుమానించకుండా బతికాయి. కాజీపేట దర్గాలో సఫర్ నెలలో అఫ్జల్ బియాబానీ ఉర్సుకు పూలచాదర్లు తెచ్చేవాళ్లను ఎవరూ 'నీ ఇంటి మీద ఏ జెండా ఉంది' అని అడగరు. ఇది మా పేదజనం కట్టుకున్న లౌకికత్వం. దీన్ని అటు హిందూత్వవాళ్లు తుడిచేస్తున్నారు. ఇటు 'షిర్క్' అంటూ మా సంస్కర్తలు తుడిచేస్తున్నారు.

నేను కోరేది చాలా కొద్ది. మా పిల్లకు ముగ్గు వెయ్యాలనిపిస్తే వెయ్యనివ్వండి. అది మా పెద్దలకు చెప్తున్నాను. ఆ ముగ్గు వల్ల ఈమాన్ చెదరదు. చెదిరే ఈమాన్ అయితే ముగ్గు లేకపోయినా నిలవదు. మా దర్వాజ మీద 786 ఉంటే ఉండనివ్వండి, ఏమీ లేకపోతే లేకుండా ఉండనివ్వండి. ఇది మా పొరుగువాళ్లకు చెప్తున్నాను. పండుగ పూట మా గుమ్మం బోసిగా కనిపిస్తే దాన్ని శత్రువు గుమ్మంగా చదవకండి, చావు జరిగిన గుమ్మంగానూ చదవకండి. పరదా పక్కకు జరిపి 'భాయ్, ఉన్నవా?' అని ఒక్క కేక వెయ్యండి. లోపల శత్రంజీ పరిచే ఉంటుంది. దాన్ని నేసింది మీ వాళ్లే.